జలాశయం నీళ్లు పచ్చబడితే: మందను దింపే ముందు చూడవలసినవి

ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లలోకి దిగిన బర్రెను బయటికి రప్పించడం ఎంత కష్టమో దాన్ని సాకిన వాళ్లకే తెలుసు. అది మెడ దాకా మునిగి, గంటల తరబడి పడుకొని, మధ్యమధ్య ఆ నీళ్లే తాగి, ఒంటికి అంటిన తడితోనూ బురదతోనూ సాయంత్రానికి కొట్టం చేరుతుంది. గొర్రెలదీ మేకలదీ వేరే తీరు. అవి లోతుకు పోవు, ఒడ్డు వెంట వరుసగా నిలబడి, అల వచ్చి తాకే అంచు దగ్గరే మూతి పెడతాయి. విషపు పాచి పేరుకునేది కూడా ఆ అంచు దగ్గరే. దక్షిణ తెలంగాణలోని మూసీ, డిండి, ఉదయ సముద్రం, కోయిల్‌సాగర్, రామన్‌పాడు, జూరాల వంటి జలాశయాల చుట్టూ, వాటి కాలువలతో నిండే వందలాది చెరువుల చుట్టూ జీవాలను మేపుకొనేవారు అలవాటు చేసుకోవలసిన పని ప్రధానంగా ఒకటే: మంద దిగకముందే మనిషి దిగి అంచును చూడాలి. ఎలా చూడాలి, ఏమి కనబడితే ఆగాలి, అప్పటికే తాగేసి ఉంటే ఏమి చేయాలి అన్నవి కింద వివరిస్తున్నాను.

ఏది పాచి, ఏది కాదు

మనం వాడుకలో పాచి అనే ఒకే మాటతో పిలిచేవి నిజానికి మూడు నాలుగు వేరు వేరు వస్తువులు. రాళ్లకు, తూము మెట్లకు పట్టుకొని వెంట్రుకల్లా సాగే నాచు ఒకటి. చేతిలోకి తీస్తే దారాల్లా, తడి ఊలులా వస్తుంది. దానికి సాధారణంగా విషం ఉండదు. గుర్రపుడెక్క, అంతరతామర, ఎండకు ఎర్రబారే అజొల్లా వంటివి మొక్కలు. దగ్గరికి వెళ్లి చూస్తే వాటి ఆకులు విడివిడిగా కనబడతాయి, వేళ్లు కిందికి వేలాడతాయి. ఇవి చెరువుకు చేసే చెరుపు వేరు, ఆ సంగతి ఇక్కడ అక్కరలేదు.

మనం భయపడవలసినది సయానోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవుల గుంపు. తెలుగు పుస్తకాల్లో వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలు అంటారు గాని, ఇవి అసలు మొక్కల జాతివే కావు, ఎండను వాడుకొని ఆహారం తయారుచేసుకోగల బ్యాక్టీరియా. మైక్రోసిస్టిస్, అనబీనా, ఆసిలటోరియా అన్నవి వీటిలో తరచుగా వినబడే పేర్లు. వరి మడిలో నత్రజని కోసం వేసుకొమ్మని వ్యవసాయాధికారులు చెప్పే నీలి ఆకుపచ్చ నాచు కూడా ఈ కుటుంబానిదే కాబట్టి, పొలానికి మేలు చేసేది పశువుకు కీడెలా చేస్తుందని కొందరు అడుగుతుంటారు. కుటుంబం ఒకటే అయినా అన్నిటికీ విషం ఉండదు. ఒకే జాతిలో కూడా కొన్ని రకాలు విషాన్ని తయారుచేస్తాయి, కొన్ని చేయవు. ఈ వారం విషం లేని పాచి వచ్చే వారం విషపూరితం కావచ్చు. ఏది విషపుదో కంటితో చూసిగాని, వాసన చూసిగాని, సూక్ష్మదర్శిని కింద పెట్టిగాని చెప్పలేము. ప్రయోగశాలలో విషాన్ని కొలిస్తేనే తెలుస్తుంది. కాబట్టి పొలం దగ్గర పాటించదగిన నియమం ఒకటే: సయానోబ్యాక్టీరియా అని అనుమానం కలిగితే విషం ఉన్నట్టే లెక్క.

అది చూడడానికి ఎలా ఉంటుందంటే, మొదట్లో నీటిలో పచ్చటి రవ్వ చల్లినట్టు సన్నని నలుసులు తేలుతాయి. ముదిరిన కొద్దీ గోరింటాకు నూరి నీళ్లలో కలిపినట్టు చిక్కబడి, చివరికి ఎవరో పచ్చ పెయింటు డబ్బా ఒలకబోసినట్టు మీగడ కడుతుంది. మొదట పచ్చిగడ్డి వాసనో తడిమట్టి వాసనో వస్తుంది. కుళ్లడం మొదలయ్యాక ముక్కు మూసుకోవలసిందే. నీరు తగ్గినప్పుడు ఒడ్డు రాళ్ల మీద ఎండిన పొరలో అక్కడక్కడ నీలం రంగు, బట్టలకు పెట్టే నీలిమందు పులిమినట్టు, కనబడితే అది గట్టి ఆనవాలు. ఈ జీవుల లోపలి నీలి వర్ణకం కణాలు పగిలినప్పుడు బయటపడి అలా అంటుకుంటుంది. ఎండిన పొరలో విషం పోతుందనుకోవద్దు. నెలల తరబడి నిలిచి ఉండగలదు. ఒడ్డున గడ్డి కొరికే మేకలకు, అడ్డమైనదల్లా నాకే కుక్కలకు ఆ పొరే ప్రమాదం.

ఎప్పుడు, ఏ ఒడ్డున

ఈ జీవులకు కావలసినవి నాలుగు: వెచ్చదనం, ఎండ, కదలని నీరు, భాస్వరం నత్రజనుల ఎరువు. చల్లని దేశాల్లో వేసవి నెలల్లోనే ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే వీటిలో చాలా రకాలు నీరు 25 డిగ్రీలు దాటాకే జోరందుకుంటాయి. మన దక్షిణ తెలంగాణలో చలికాలపు కొన్ని వారాలు తప్ప నీరు ఏడాది పొడవునా ఆ వెచ్చదనంలోనే ఉంటుంది. అంటే ఇక్కడ వేడి ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. మిగిలినవాటిలో నిలకడా ఎరువూ ఎప్పుడు కలిసివస్తే అప్పుడే పాచి లేస్తుంది. నా లెక్క ప్రకారం మూడు సమయాల్లో కళ్లు తెరుచుకొని ఉండాలి. మొదటిది ఏప్రిల్, మే నెలల్లో జలాశయం అడుగంటి, ఉన్న కొద్ది నీరూ మడుగులా మారినప్పుడు. రెండవది తొలకరి వానలకు ఊరి పెంటా, పొలాల్లో చల్లిన డీఏపీ కొట్టుకొచ్చి ఆ మడుగులోనే కలిసి, తరువాత పది పదిహేను రోజులు వాన మొహం చాటేసినప్పుడు. మూడవది సెప్టెంబరు, అక్టోబరుల్లో వరద ఆగి, అలుగు పారడం నిలిచి, నీరు తేటబడి, ఎండ మళ్లీ చుర్రుమన్నప్పుడు. కృష్ణ వరద పారుతున్న రోజుల్లో బురద నీటికి ఎండ లోపలికి దిగదు, ప్రవాహం నిలవనీయదు, కాబట్టి అప్పుడు ఈ భయం తక్కువ.

ఇక ఒడ్డు సంగతి. మైక్రోసిస్టిస్ వంటి వాటి కణాల్లో గాలి బుడగల వంటి చిన్న చిన్న అరలు ఉంటాయి. గాలి లేని రాత్రి అవి పైకి తేలి, తెల్లవారేసరికి నీటి మీద పొరగా పరుచుకుంటాయి. పొద్దెక్కి గాలి లేచాక ఆ పొర మొత్తం గాలి పోయే దిక్కుకు నెట్టుకుపోయి ఒక మూలకు చేరుతుంది. జలాశయం అంతా కలిపి చూస్తే పలుచగా ఉన్న పాచి, ఆ ఒక్క మూలలో వందల రెట్లు చిక్కగా ఉండవచ్చు. వానాకాలంలో మనకు గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. అంటే పాచి తూర్పు ఒడ్డుకు చేరుతుంది. దక్కను భూమి వాలు పడమటి నుంచి తూర్పుకు కాబట్టి చాలా చెరువులకు కట్ట కూడా తూర్పు వైపే ఉంటుంది. ఫలితంగా, కట్ట దిగి తూము పక్కన నీళ్లు తాపే మన పాత అలవాటు, వానాకాలం ఎండల్లో జీవాలను నేరుగా పాచి పేరుకున్న చోటికే తీసుకుపోతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి తిరుగుతుంది, అప్పుడు శిఖం భూముల వైపు, అంటే నీరు తగ్గితే బయటపడే చెరువు లోపలి భూముల వైపు చూడాలి. మీ చెరువుకు కట్ట ఏ దిక్కున ఉందో, ఆ పూట గాలి ఎటు వీస్తోందో, పిడికెడు దుమ్ము పైకి వదిలి చూసుకొంటే చాలు.

ఈ ముచ్చట కొత్తదేమీ కాదు. ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా అనే సరస్సు ఒడ్డున గొర్రెలు, గుర్రాలు, పందులు, కుక్కలు పచ్చటి తెట్టు తాగి చనిపోవడాన్ని జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన 1878లో నేచర్ పత్రికలో రాశారు. గాలి ఆ తెట్టును ఒక ఒడ్డుకు తోసి గంజిలా చిక్కబరచడాన్ని ఆయన అప్పుడే గమనించారు. మన కాలానికి వస్తే, 2020లో ఆఫ్రికాలోని బోట్స్వానాలో మూడు వందలకు పైగా ఏనుగులు చనిపోగా, నీటి గుంటల్లోని సయానోబ్యాక్టీరియా విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఏనుగుకే ఆగని విషం పొట్టేలుకు ఆగుతుందా?

కర్ర పరీక్ష, సీసా పరీక్ష

అనుమానం వచ్చిన చోట ముందుగా ఒక పొడవాటి కర్రను పాచి కిందికి దించి మెల్లగా పైకెత్తండి. జడలు జడలుగా, దారాలుగా కర్రకు వేలాడుతూ వస్తే అది మామూలు నాచు. కర్రను రంగు డబ్బాలో ముంచి తీసినట్టు పచ్చటి పూత అంటుకొని, దారాలేమీ రాకపోతే అనుమానం బలపడినట్టు. ఒట్టి చేతితో కలిపి చూడవద్దు. చర్మం మండుతుంది, దద్దుర్లు లేస్తాయి, తరువాత అదే చెయ్యి నోటి దగ్గరికి పోతుంది.

తరువాత సీసా పరీక్ష. వెడల్పు మూతి ఉన్న గాజు సీసా ఒకటి, అంటే పచ్చడి అయిపోయిన సీసాను కడిగి లేబులు పీకేస్తే చాలు, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని తీసుకెళ్లండి. మీద తేలే మందపు తెట్టును కాకుండా, దాని అడుగున అర జానెడు లోతులో సీసాను ముంచి, ముప్పావు వంతు మాత్రమే నింపి మూత పెట్టండి. బయట తుడిచి, ఇంటికి తెచ్చి, ఎవరూ కదపని చల్లటి మూలలో రాత్రంతా ఉంచండి. ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టవచ్చు, కాని తాగే నీళ్ల సీసా అని పొరబడకుండా గుర్తు పెట్టడం మరచిపోవద్దు. తెల్లవారి కదపకుండా కళ్ల ఎత్తులో చూడండి. పచ్చదనమంతా అడుగుకు దిగి పైన నీరు తేటపడితే అది ఎక్కువగా ప్రమాదం లేని శైవలం. పచ్చటి కంకణంలా పైకి తేలి, మూతి దగ్గర గాజుకు అంటుకొని, కింద నీరు తేటగా ఉంటే అది సయానోబ్యాక్టీరియా అని దాదాపుగా ఖాయం చేసుకోవచ్చు. పైకీ కిందికీ పోకుండా నీరంతా ఒకే తీరుగా పచ్చగా ఉండిపోతే ఈ పరీక్ష ఏమీ చెప్పలేదని అర్థం. అప్పుడు జాగ్రత్త వైపే మొగ్గాలి, ఎందుకంటే కొన్ని విషపు రకాలు తేలవు.

ఇంకొంచెం గట్టిగా తెలుసుకోవాలనుకుంటే ఆ సీసాను వృక్షశాస్త్రం బోధించే దగ్గరి డిగ్రీ కళాశాలకు తీసుకుపోయి, సూక్ష్మదర్శిని ఉన్న అధ్యాపకులను మర్యాదగా అడగండి. ఒక చుక్క చాలు, ఏ జాతో చెప్పగలరు. విషం ఉందో లేదో మాత్రం వాళ్లూ చెప్పలేరు.

తాగిన జీవంలో కనబడేవి

విషాలు స్థూలంగా రెండు రకాలు. మైక్రోసిస్టిన్ వంటివి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, అనాటాక్సిన్, సాక్సిటాక్సిన్ వంటివి నరాల మీద పనిచేస్తాయి. నరాల విషమైతే అంతా చూస్తుండగానే జరిగిపోతుంది. కండరాలు వణకడం, తూలడం, నోరు తెరిచి ఊపిరికి కొట్టుకోవడం, ఫిట్స్, ఆపైన చావు. కొన్ని నిమిషాల నుంచి కొద్ది గంటల్లోపే. కళేబరాలు నీటికి దగ్గరలోనే పడి ఉంటాయి. కాలేయపు విషం కొంత సమయం తీసుకుంటుంది. జీవం మేత మానేస్తుంది, మందలో వెనకబడుతుంది, చిగుళ్లు, కంటి రెప్పల లోపలి భాగం పాలిపోతాయి, కొన్నిసార్లు నెత్తురు కలిసిన పేడ వేస్తుంది. ఒక రోజు నుంచి మూడు నాలుగు రోజుల్లో చనిపోవచ్చు. చావకుండా బయటపడిన వాటికి కామెర్లు వస్తాయి, పాలు పడిపోతాయి.

బయటపడిన వాటిలో కనబడే ఒక లక్షణాన్ని మాత్రం నేను కళ్లారా చూసి కూడా చాలా రోజులు గుర్తుపట్టలేకపోయాను. మా ఇంట్లో నలుపు తెలుపు మచ్చల సంకరజాతి ఆవు ఒకటి ఉండేది. ఒక అక్టోబరులో దాని ఒంటి మీద తెల్ల మచ్చలున్న చోటల్లా తోలు ఎర్రబడి, పొక్కి, పొరలు పొరలుగా ఊడడం మొదలైంది. నల్ల మచ్చల దగ్గర ఒక్క వెంట్రుక కూడా చెదరలేదు. రెండు రంగులు కలిసే గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పొదుగు కూడా తెలుపే కాబట్టి పితకనిచ్చేది కాదు, కాలు విసిరేది. గజ్జి అనుకొని వారం రోజులు పూతమందులు రాశాం. చివరికి వచ్చిన పశువైద్యుడు ఒంటి వైపు చూడకుండా ముందు అడిగిన మాట, ఇది నీళ్లెక్కడ తాగుతోంది అని. కాలేయం దెబ్బతిన్నప్పుడు పచ్చిమేతలోని ఆకుపచ్చ పదార్థం అరిగాక మిగిలే ఒక వస్తువు బయటికి పోక రక్తంలో నిలిచిపోతుందని, ఎండ తగిలినప్పుడు రంగు లేని తోలును అదే కాల్చేస్తుందని ఆయన వివరించాడు. నీడన కట్టేసి, ఎండుగడ్డి వేసి, చెరువు మాన్పించాక తోలు మళ్లీ రావడానికి నెల పైనే పట్టింది. బర్రెలకు ఒళ్లంతా నలుపు కాబట్టి ఈ గుర్తు తేలికగా దొరకదు. తెల్ల గొర్రెల్లో చెవులు, మూతి చూడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ప్రాంతంలో హఠాత్తుగా జీవాలు పడిపోవడానికి ఇతర కారణాలు చాలా ఉన్నాయి. వానలు వెనకబడినప్పుడు వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి మళ్లీ లేచిన పిలకలు మేస్తే నాము తగులుతుంది; అది కూడా నిమిషాల్లో చంపుతుంది. పత్తికి కొట్టిన పురుగుమందు డబ్బా కడిగిన నీళ్లు తాగినా వణుకు, చొంగ, ఊపిరాడకపోవడం అచ్చం ఇలాగే ఉంటాయి. గొర్రెల్లో చిటుకు రోగం, పశువుల్లో గొంతువాపు, దొమ్మ (ఆంత్రాక్స్) ఉండనే ఉన్నాయి. కాబట్టి పాచి కనబడింది కదా అని అదే కారణమని తీర్మానించుకోవద్దు, పాచి కనబడలేదు కదా అని కొట్టేయనూ వద్దు. ఉదయం ఉన్న తెట్టు గాలి తిరిగితే మధ్యాహ్నానికి అవతలి ఒడ్డుకు పోయి ఉంటుంది. గడిచిన 24 గంటల్లో మంద ఎక్కడెక్కడ మేసింది, ఎక్కడ తాగింది అన్నది కాపరి వరుసగా చెప్పగలిగితే వైద్యుడికి సగం పని అయినట్టే.

తాగేశాయని తెలిసిన వెంటనే

మందను నీటి నుంచి తరిమి, ఎండ లేని చోటికి చేర్చండి. పరుగెత్తించవద్దు. ఒంటికి పచ్చటి తెట్టు అంటి ఉంటే బోరు నీళ్లతో కడగండి, ముఖ్యంగా బర్రెలను, కుక్కలను. అవి ఒళ్లు నాక్కొని మళ్లీ విషం మింగుతాయి. కడిగేవారు చేతులకు తొడుగు వేసుకోవాలి. ఒక మనిషి ఈ పనిలో ఉండగా ఇంకొకరు పశువైద్యశాలకో, 1962 నంబరుకో ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి. ఈ విషాలకు నేరుగా విరుగుడు లేదు. కడుపులో మిగిలిన విషాన్ని పీల్చుకోవడానికి యాక్టివేటెడ్ చార్‌కోల్ (మందుగా తయారుచేసిన బొగ్గుపొడి) తాపడం, సెలైన్ ఎక్కించడం, కాలేయానికి ఆసరా ఇచ్చే మందులు వాడడం వంటివి వైద్యుడు చేయగలిగినవి, అవి ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. పొయ్యి బొగ్గు నూరి తాపితే సరిపోతుందనే మాట వినబడుతుంటుంది. అది ఆ చార్‌కోల్‌తో సమానం కాదు, పైగా వణుకుతున్న జీవానికి బలవంతంగా గొట్టంతో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి అదే ప్రాణం తీస్తుంది. నూనె, మజ్జిగ, చింతపండు పులుసు పోయడం కూడా ఇందుకే వద్దంటున్నాను.

చనిపోయిన జీవాన్ని మీరుగా కోయవద్దు. అది దొమ్మ అయి ఉంటే కోసినవాడికే ప్రమాదం. ముక్కు నుంచి, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే అసలు తాకవద్దు. పశువైద్యాధికారి వచ్చి పరీక్షించాకే గుంత తీసి, నీటికి దూరంగా, సున్నం చల్లి పూడ్చాలి. బీమా ఉన్న జీవమైతే చెవి పోగు తీయకుండా ఉంచండి. వైద్యుడి పత్రం లేకుండా పూడ్చేస్తే తరువాత ఎవరికీ ఏమీ చెప్పుకోలేరు. ఆ పూటే, జీవాలు తాగిన చోటి నుంచే, ఒక సీసా నీరు పట్టి మంచు పెట్టెలో చీకటిగా ఉంచి వైద్యుడికి అప్పగించండి. మర్నాడు పట్టిన నీరు ముందునాటి సంగతి చెప్పదు.

పడిపోయిన జీవాన్ని కోసి మాంసం పంచుకోవడం, జబ్బుపడిన దాని పాలు పోయడం రెండూ మానాలి. చేపల విషయంలో, తెల్లవారుజామున తేలిన చేపలు ఎక్కువగా ఊపిరాడక చచ్చినవే, ఎందుకంటే రాత్రిపూట పాచి కూడా నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. అయినా వాటిని అమ్మడం, తినడం తగదు. పాచి ఉన్న నీటిలో బతికున్న చేపను పట్టినా కాలేయం, పేగులు పూర్తిగా తీసి పారేయాలి. విషం చేరేది ప్రధానంగా వాటిలోనే.

ఆ రోజులకు వేరే నీరు

చెరువు మూసుకుంటే మందకు నీరెక్కడిది అన్నదే అసలు చిక్కు. ఎండాకాలంలో పాలిచ్చే బర్రెకు రోజుకు 70, 80 లీటర్ల దాకా కావాలి. గొర్రెకు ఐదారు లీటర్లు. నూరు గొర్రెలున్న మందకు రోజుకు ఐదారు వందల లీటర్లన్న మాట. ఉపాధి హామీలో కట్టిన నీటితొట్టి ఊళ్లో ఉంటే దాన్ని ముందే బాగుచేయించుకోండి. లేకపోతే సిమెంటు గోలేలు నాలుగు వరుసగా పెట్టినా నడుస్తుంది. తొట్టిలో కూడా పాచి పడుతుంది కాబట్టి నెలకు రెండుసార్లు ఖాళీ చేసి, గీకి, లోపల సున్నం పూసి, ఆరాక నింపాలి. బర్రెకు తాగే నీరిచ్చినంత మాత్రాన సరిపోదు. మునగడానికి వీలులేని రోజుల్లో మధ్యాహ్నం రెండుసార్లు ఒంటి మీద నీళ్లు పోసి నీడన కట్టకపోతే పాలు దించదు.

నల్లగొండ జిల్లాలో బోరు నీటి మాట ఎత్తగానే ఫ్లోరైడు గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో అది ఎక్కువ. మనుషులకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం, పశువులకు కూడా ఏళ్ల తరబడి తాపితే పళ్లు అరిగి, కీళ్లు బిగుస్తాయి. అయితే ఫ్లోరైడు చేసే కీడు ఏళ్ల మీద, పాచి విషం చేసే కీడు గంటల మీద. పాచి ఉన్న రెండు మూడు వారాలు బోరు నీరు తాపడమే నయమని నా అభిప్రాయం.

జలాశయం తప్ప గతి లేని చోట, గాలి వచ్చే వైపు ఒడ్డున, అంటే పాచి నెట్టుకుపోయిన మూలకు ఎదురు వైపున, మోటారు ఫుట్‌వాల్వును ఖాళీ డబ్బాకు తాడుతో కట్టి నీటి మట్టానికి ఒక మీటరు కిందుగా, అడుగు బురదకు తగలకుండా వేలాడదీసి తోడుకోవచ్చు. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసివేయదు. ఒడ్డున ఇసుకలో చెలిమె తీసి ఆ ఊట తాపడం మన పెద్దలకు తెలిసిన ఉపాయం. ఇసుక పాచిని ఆపుతుంది గాని నీటిలో కరిగిన విషాన్ని పూర్తిగా ఆపదు, కాబట్టి నీటి అంచుకు ఎంత దూరంగా తవ్వితే అంత మంచిది.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. నీరు మరగబెట్టడం పనికిరాదు. మైక్రోసిస్టిన్ మరిగించినా చెడదు, పైగా కణాలు పగిలి లోపలి విషం నీటిలోకి వస్తుంది. పటిక వేస్తే పాచి అడుగుకు దిగి నీరు తేటగా కనబడుతుంది, కరిగిన విషం మాత్రం అలాగే ఉంటుంది. అన్నిటికంటె ప్రమాదకరమైనది చెరువులో మైలుతుత్తం చల్లడం. అది పాచిని చంపుతుంది, నిజమే. కాని చచ్చిన కణాల విషమంతా ఒక్కసారిగా నీటిలోకి వదులుతుంది. అదీగాక రాగి గొర్రెలకు సరిపడదు, మిగిలిన పశువులకంటె చాలా తక్కువ మోతాదుకే వాటి కాలేయం పాడవుతుంది.

ఎరువు ఎక్కడి నుంచి వస్తోంది

మూసీ జలాశయానికి హైదరాబాదు మురుగు దారిలోనే కలుస్తుంది, దాన్ని ఒడ్డున ఉన్న రైతు ఆపలేడు. ఊరి చెరువు సంగతి అలా కాదు. ఒక చిన్న లెక్క చూడండి. 50 కిలోల డీఏపీ బస్తాలో ఉండే భాస్వరం, మూలకం రూపంలో లెక్కిస్తే, సుమారు 10 కిలోలు. అందులో పదో వంతు, అంటే కిలో, వాననీటితో చెరువు చేరితే కొన్ని వందల కిలోల పచ్చి పాచి పెరగడానికి అది చాలు. దుక్కిలో వేయవలసిన డీఏపీని నాట్లయ్యాక పైపాటుగా చల్లడం, చల్లిన రోజే మడి గట్టు తెంచి నీరు వదలడం, వాన మబ్బు చూసి కూడా ఎరువు వేయడం, ఈ మూడూ మానితే చాలావరకు ఆగుతుంది. పెంటకుప్పలను చెరువులోకి పారే వాగు పక్కన పోయకుండా ఎగువ గట్టుకు మార్చాలి. చేపల పెంపకానికి కోళ్లపెంట, పేడ చెరువులో వేస్తుంటే, తాగే నీటి చెరువైనప్పుడు మత్స్య సహకార సంఘంతో కూర్చొని మాట్లాడుకోవాలి; గొడవ పడవలసిన పనిలేదు, పాచి ముదిరితే ముందు చచ్చేది వాళ్ల చేపలే. ఎండిన చెరువు పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం వల్ల ఏళ్లుగా అడుగున పేరుకున్న భాస్వరం కూడా బయటికి పోతుంది. మిషన్ కాకతీయ రోజుల్లో పొలం కోసం తోలిన మట్టి చెరువుకు ఈ మేలు కూడా చేసింది.

మళ్లీ ఎప్పుడు దించవచ్చు

పాచి కనబడకుండా పోయిన రోజున కాదు. చచ్చిన పాచి తన విషాన్ని నీటిలోనే వదిలి పోతుంది కాబట్టి, నీరు తేటపడిన మొదటి రోజులు ఒక రకంగా మోసపుచ్చే రోజులు. తెట్టు పూర్తిగా పోయాక కనీసం రెండు వారాలు ఆగి, వరుసగా రెండు మూడు సార్లు సీసా పరీక్ష చేసి, పైన పచ్చ కంకణం కట్టలేదని చూసుకొని, ఒడ్డున ఎండిన నీలిపచ్చ పొరను పారతో గీకి, జీవాలు చేరని చోట పూడ్చి, ఆ తరువాత గాలి వచ్చే వైపు ఒడ్డు నుంచి, ముందు తొట్టి దగ్గర కడుపునిండా నీళ్లు తాపిన మందను తెల్లవారుజామున కాకుండా, పొద్దు బాగా ఎక్కి నీటి మీద అలలు లేచాక దించండి.